మావాడి పడవలో ఒక రోజు

ఇది 2025 ఫిబ్రవరిలో పోయొచ్చిన సంగతి, రాద్దాం రాద్దాం అనుకుంటానే ఇన్నాళ్లు అయిపోయింది. తిరుపతిలో పుట్టి పెరిగిన మాలాంటోళ్లకి సముద్రం అంటే మద్రాసు మెరీనానే, చిన్నప్పుడు ఎవురింటికో పెళ్లికి పోయినప్పుడు మోకాళ్ల దాకా నీళ్లలో నిలబడి ఫోటో దిగి, సుండల్ తిని వచ్చేసేది. 2022లో కొత్త జిల్లాలు చేసినప్పుడు వాకాడు, సూళ్లూరుపేట, తడ పక్కంతా తిరుపతి జిల్లాలోకి వచ్చింది కదా, ఆ రోజు పేపర్ చదివి మావాడికి ఫోన్ చేసినా, ఇప్పుడు నువ్వూ నేనూ ఒకే జిల్లారా అని. వాడు నవ్వి, అయితే ఇంకేం, వచ్చి పడవెక్కు అన్నాడు. ఎక్కేదానికి మూడేళ్లు పట్టింది.

మావాడంటే పాలిటెక్నిక్‌లో మూడేళ్లు నా పక్క బెంచీలో కూర్చున్నోడు, మెకానికల్. వాళ్లది వాకాడు మండలంలో తూపిలిపాళెం పక్కన చిన్న పాళెం. డిప్లొమా అయినాక శ్రీసిటీలో రెండేళ్లు ఉద్యోగం చేసి, వదిలేసి ఊరికి పోయి వాళ్ల నాయనతో వేటకి పోతాండాడు. నిజం చెప్పాలంటే నేను పోయింది సముద్రం చూసేదానికి మాత్రమే కాదు. నాకు బాగా తెలిసిన ఒకన్న తిరుపతిలో ఏసీలు, ఫ్రిజ్‌లు రిపేరు చేసే షాపు పెట్టినాడు, మంచి మెకానిక్ కావాలి, నెలకి 22 వేలు ఇస్తా, రూము కూడా చూస్తా అన్నాడు. మావాడి చేతిలో పని ఉండాది, చదువుండాది, వాడికి ఈ కష్టం ఎందుకు అని నాకు గట్టిగా ఉండేది. ఫోన్లో చెప్తే మాట మార్చేస్తాడు, ఎదురుగా కూర్చోబెట్టి చెప్పాలని శనివారం సాయంత్రం బండి తీసినా.

మా అమ్మ పులిహోర కట్టిచ్చింది. శ్రీకాళహస్తి దాటి నాయుడుపేట, ఆడనించి వాకాడు. దారిలో ఒకటే ఆలోచన, స్వర్ణముఖి గురించి. మా చంద్రగిరి కొండల్లో పుట్టే ఏరు అది, తిరుచానూరు కాడ ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసకే కనపడతాది, మేం దాంట్లో క్రికెట్ ఆడినోళ్లం. అదే ఏరు కాళహస్తి గుడి పక్కన పోయి, వాకాడు కాడ బ్యారేజీ దాటి, మావాడి ఊరి పక్క సముద్రంలో కలస్తాది. మా వీధి వెనకాల నించి పోయే నీళ్లు వాళ్లింటి ముందరికి చేరతాయి అని ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా నాకు తట్టలేదు.

రాత్రి రెండుకి లేపినాడు. వాళ్ల నాయన (నేను చిన్నాయన అంటా), వాళ్ల అక్క మొగుడు (బావ), మావాడు, నేను, నలుగురం. పడవ ఫైబర్‌ది, ముప్పై అడుగులు కూడా ఉండదు, వెనకాల పొడుగు కమ్మీ చివర ఫ్యాను ఉండే డీజిల్ ఇంజను. తోసే ముందు చిన్నాయన పడవ ముక్కు కాడ కర్పూరం వెలిగించి ఒక నిమ్మకాయ పెట్టి, "గంగమ్మ తల్లీ" అని దండం పెట్టుకున్నాడు. మా తాతయ్యగుంట గంగమ్మ జాతరకి చిన్నప్పటినించి పోతానే ఉండా, ఆ పేరు ఆ చీకట్లో, కాళ్ల కింద అల లాగేస్తా ఉంటే వినేటప్పటికి వేరేగా అనిపించింది. వాళ్లకి గంగమ్మ అంటే ఎదురుగా ఉండే ఆ నీళ్లే.

అలలు విరిగే చోటు దాటేదే అన్నిటికన్నా కష్టం అంట. ముగ్గురూ నడుం లోతులో పడవ పట్టుకోని నిలబడి, నన్ను మాత్రం ఎక్కించేసి, చిన్నాయన అలల్ని చూస్తా ఉండాడు. నాకైతే అన్నీ ఒకటే మాదిరి నలుపు. "ఇప్పుడు, తొయ్యండి తొయ్యండి" అన్నాడు, ముగ్గురూ ఒక్క ఊపులో లోపలికి దూకినారు, ముక్కు పైకి లేచి దబ్బున పడింది, నా పళ్లు కొట్టుకున్నాయి, అంతే, ఆ తర్వాత ఊయల ఊగినట్టు మెత్తగా పోతాండాది. దక్షిణం పక్క శ్రీహరికోట లైట్లు కనపడతాండాయి. జనవరి 29న షార్ నించి వందో రాకెట్ పోయినప్పుడు మేం తెల్లారకముందే మిద్దెక్కి చూసి చప్పట్లు కొట్టినాం అని చెప్పినా. మావాడు చెప్పినాడు, "మేమూ చూసినాం, ఒడ్డు మీద నించి. రాకెట్ రోజు లోపలికి పోనీరు కదా, పడవలన్నీ గట్టునే." వాడు కోపంగా ఏం చెప్పలేదు, కానీ నేను చప్పట్లు కొట్టిన రోజు వాళ్లకి వేట లేదన్నది నాకు కొత్త.

గంటన్నర పోయినాక ఇంజన్ ఆపినారు. మావాడు చేతిలో జీపీఎస్ చూసి ఇదే చోటు అన్నాడు, అయినా చిన్నాయన తాడుకి సీసం గుండు కట్టి నీళ్లలోకి వదిలి, పైకి లాగతా రెండు చేతులూ చాపి బారలు లెక్కపెట్టినాడు. పద్నాలుగు. గుండుకి అంటుకున్న బురదని వేళ్ల మధ్య నలిపి వాసన చూసి, "ఇంకొంచెం ఉత్తరానికి పోదాం, ఈడ బురద" అన్నాడు. మావాడు మారు మాట్లాడకుండా ఇంజన్ తిప్పినాడు. వలేసినాక దాని పొడుగు చూసి అదిరిపోయినా, కిలోమీటరు పైనే, పైన తేలే బెండ్లు, కింద సీసం, చివర కర్రకి జెండా, మినుక్కుమనే లైటు. ఇది ఒకచోట పాతేసే వల కాదు, నీళ్లు ఎటు పారితే అటు పోతాది, దాంతో పాటు మనమూ పోవాలి.

ఆ వేచి ఉండే టైంలోనే నాకు కడుపులో తిప్పి రెండుసార్లు వాంతి అయింది. బావ నిమ్మకాయ గిల్లి చేతికిచ్చి, "పడవలోకి చూడొద్దు సామీ, దూరంగా ఆ లైట్లని చూడు" అన్నాడు. నిజంగానే సర్దుకుంది. దూరంలో లైట్లంటే పెద్ద బోట్లు. ఒడ్డు నించి 8 కిలోమీటర్ల లోపల ఇట్టాంటి చిన్న పడవలోళ్లకే అని రూలు ఉండాది, పెద్ద మరబోట్లు అటు అవతలే పట్టుకోవాలి. కానీ రాత్రిపూట వస్తారు. పోయినేడు ఒక బోటు వీళ్ల వల మీద నించి ఈడ్చుకోని పోయిందంట, పొద్దున్నే పోయి చూస్తే మూడు వంతులు లేదు, అరవై వేల వల. ఎవురు అని అడిగితే చీకట్లో పేరు కనపడతాదా అన్నాడు మావాడు. కొత్త వలకి అప్పు ఇంకా తీరలేదు. నాకు అప్పుడు ఒళ్లు మండింది, ఇంకా మండతానే ఉండాది. ఇంత పెద్ద సముద్రంలో వాళ్లకి రాసిచ్చింది ఆ కొంచెం నీళ్లే కదా, అది కూడా వదలకపోతే ఎట్టా?

తెల్లారింది. ఒడ్డు కనపడతా ఉంటాది అనుకున్నా, లేదు. పోయేకొద్దీ ముందు ఇసక మునిగిపోతాది, తర్వాత ఇళ్లు, ఆఖరికి తాటిచెట్ల తలకాయలు కూడా నీళ్లలోకి దిగిపోతాయి అని మావాడు చెప్పినాడు. చుట్టూ ఒకటే నీళ్లు. ఆరున్నరకి వల లాగడం మొదలుపెట్టినారు. మొదటి పది నిమిషాలు ఏమీ లేదు, తడి వల తప్ప. తర్వాత ఒకటి, రెండు, ఆ తర్వాత వరసగా కానాగర్తలు. మార్కెట్లో ఐసులో బూడిద రంగులో పడుంటాయే అవి, ఇవి అసలు వేరే చేపలు. వీపు మీద పచ్చా నీలం కలిసిన గీతలు తళతళలాడతాండాయి, చెక్క మీద పడి టపటపా కొట్టుకుంటా ఒక్క నిమిషంలోనే ఆ రంగు నా కళ్ల ముందరే దిగిపోయింది. నేను ఒకటి చేత్తో పట్టుకోని దాని రంగు పోయే వరకూ చూస్తానే ఉండిపోయినా, మావాడు "రేయ్, పట్టు, తాడు పట్టు" అని అరిస్తే తేరుకున్నా. వంజరాలు నాలుగు పడినాయి, పెద్దది అయిదు కిలోలు ఉంటాది, పారలు కొన్ని. నా అరచేతులు వల తంగూసు దారం కోసుకోని మంట, వాళ్ల చేతులు చూస్తే గోడ మాదిరి ఉండాయి.

వల చివరికొస్తా ఉంటే బరువుగా వచ్చింది. పెద్ద చేప అనుకున్నా. తాబేలు. ఈ కాలంలో గుడ్లు పెట్టేదానికి మన ఒడ్డుకి వస్తాయి కదా, ఆ ఆలివ్ రిడ్లే రకం. ముందర రెక్క చుట్టూ, మెడ చుట్టూ వల బిగుసుకోని ఉండాది. నీళ్ల కిందే ఇంకాసేపు ఉంటే ఊపిరాడక చచ్చిపోయేదంట. చిన్నాయన ఎవురినీ ఏం అడగలేదు, మొలలో కత్తి తీసి వల కోసేసినాడు. వలలో ఒక్కో కన్ను, అంటే గడి, తెగతా ఉంటే నేను అరవై వేలు గుర్తుచేసుకుంటా ఉండా. తొమ్మిదో పదో కన్నులు తెగినాక అది తలకాయ పైకెత్తి ఫుస్సుమని ఊపిరి వదిలింది, మనిషి నిట్టూర్చినట్టే, నా మొహం మీద తుంపర పడింది. బావ పైచిప్ప కింద చెయ్యేసి నీళ్లలోకి జారవిడిచినాడు. ఎవురూ దాని గురించి మళ్లీ మాట్లాడలేదు, తినేదానికి కూర్చున్నాం. చద్దన్నం, ఎండు నెత్తళ్లు, ఉల్లిపాయ, మా అమ్మ పులిహోర. చిన్నాయన పులిహోర మూడుసార్లు పెట్టించుకున్నాడు.

తిరిగొచ్చేటప్పుడు ఇంజన్ ఆగిపోయింది. రెండుసార్లు హ్యాండిల్ తిప్పితే దడదడమని మళ్లీ ఆగింది. గాలి కూడా మారతాండాది, పొద్దున మెత్తగా భూమి మీద నించి వచ్చింది, పదయ్యేసరికి సముద్రం పక్క నించి తిరుక్కుంది, అల పెరగతాండాది. నాకు గుండె దడ. మావాడు గమ్మున ఫిల్టర్ విప్పి, దాంట్లో డీజిల్ ఒక ప్లాస్టిక్ గ్లాసులోకి వంచి ఎండకి పట్టినాడు. అడుగున నీళ్లు వేరేగా గుండ్రంగా నిలిచి ఉండాయి. "చూడు, క్యాన్లోకి నీళ్లు దిగినాయి" అని, గుడ్డతో తుడిచి, పైపు నట్టు కొంచెం వదులు చేసి చేత్తో పంపు కొట్టతా ఉంటే బుడగలు బుడగలుగా డీజిల్ కారింది. నన్ను స్పానర్ పట్టుకోమన్నాడు. బుడగలు ఆగి సన్నగా దారం మాదిరి వచ్చినాక "ఇప్పుడు బిగించు" అన్నాడు. హ్యాండిల్ తిప్పితే ఒక్క దెబ్బకి అందుకుంది. ల్యాబ్‌లో డీజిల్ ఇంజన్ ఎక్స్‌పెరిమెంట్ అప్పుడు వాడు ఇట్టానే ఇంజన్ మీద చెవి పెట్టి వినేవాడు, ఆ మొహమే ఇది. శ్రీసిటీ యూనిఫాంలో వాడ్ని రెండేళ్లు చూసినా, ఈ మొహం ఒక్కసారి కూడా కనపడలేదు.

ఒడ్డున ఐసు పెట్టెలతో వ్యాపారస్తులు, ఆడోళ్లు గుమిగూడి ఉండారు. వేలం పాట అయిదు నిమిషాల్లో అయిపోయింది. అన్నీ కలిపి 7,400. డీజిల్ పోను, పడవకీ వలకీ ఒక వాటా తీసి, మిగిలింది ముగ్గురికీ. ఇది మంచి రోజంట. వరసగా నాలుగు రోజులు డీజిల్ డబ్బులు కూడా రానివి ఉంటాయి, ఏప్రిల్ 15 నించి జూన్ 14 దాకా వేట బందు ఎట్టానూ ఉండాది. ఆ రెండు నెలలకి గవర్నమెంటు ఇచ్చే డబ్బు పదివేలు ఉండేది, మేం పోయొచ్చినాక ఏప్రిల్‌లో 20 వేలు చేసినారు. పిన్నమ్మ, అంటే మావాడి అమ్మ, చిన్న వంజరం ఒకటి పాటకి పెట్టకుండా పక్కన పెట్టి మామిడికాయ వేసి పులుసు చేసింది. నేను ఎంత తిన్నానో లెక్క లేదు.

సాయంత్రం ఇంటి ముందర వల పరిచినారు. తాబేలు కోసం కోసిన చోట మావాడు కూర్చోని సూదికి దారం చుట్టి అల్లతాండాడు, నేను ఎదురుగా కూర్చోని కాలి బొటనవేలికి వల తగిలించుకోని బిగపట్టుకున్నా. ఒక్కో కన్నుకీ రెండు వేళ్లు పెట్టి కొలత చూసుకుంటాండాడు. "ఏందో చెప్పాలన్నావే ఫోన్లో?" అన్నాడు తలెత్తకుండా. చెప్తాలే అన్నా. అప్పుడే షాపు అన్న ఫోన్ చేసినాడు, ఏమన్నాడు నీ ఫ్రెండు, ఒకటో తేదీ నించి వస్తాడా అని. వల వదిలితే జారిపోతాదని కదలకుండా అట్టానే ఫోన్ చెవికి పెట్టుకోని, "వాడు రాడన్నా, నువ్వు వేరేవాళ్లని చూసుకో" అన్నా. మావాడు ఒకసారి నా పక్క చూసి, "ఎడం పక్క కొంచెం లాగు" అని మళ్లీ సూది ఎత్తినాడు.