మార్టేరు దారిలో రెండు దోమలు

తణుకులో బస్సెక్కితే మార్టేరు దాకా కిటికీలో కనిపించేదంతా పచ్చదనమే. ఖరీఫ్ వరి పొట్టకొచ్చే రోజుల్లో ఆ పచ్చదనాన్ని నమ్మడానికి లేదు. బస్సు దిగి చేలోకి వంగి చూడాల్సిందే.

గట్టు దిగగానే ఎగిరేది వరి రసం పీల్చే పచ్చదోమ. రెక్కల మీద నల్లచుక్కలు, అలికిడైతే అడ్డంగా జరిగి ఆకు వెనక్కి పోతుంది. వెలుతురు తగిలే పైఆకుల్లోనే దీని కాపురం. రాత్రి దీపాలకి గుంపులుగా వస్తుంది కాబట్టి అందరూ దీన్నే గుర్తుపడతారు. ఇది పీల్చే రసం కన్నా మోసుకొచ్చే టుంగ్రో వైరస్సే ప్రమాదం: ఆకులు పసుపు, నారింజ రంగుకు తిరిగి మొక్క గిడసబారుతుంది.

రెండోది సుడిదోమ, ఇదీ రసం పీల్చేదే, కానీ అలా కంటబడదు. దుబ్బు విడదీసి నీటికి కాస్త పైన, కాండం మొదట్లో వెతకాలి. దుబ్బును తడితే గోధుమరంగు పురుగులు నీళ్లమీద రాలతాయి, అప్పుడు లెక్కపెట్టుకోవచ్చు. పిలకల దశలో దుబ్బుకు 10–15 ఉంటే మందు ఆలోచించాల్సిందే. దీనికి నీడ, తేమ, కదలని గాలి కావాలి. చిక్కగా నాటి, యూరియా ఎక్కువేసి, నీరు నిలగడితే అవన్నీ మనమే అమర్చినట్టు. తిండి దండిగా ఉన్నప్పుడు పొట్టిరెక్కల ఆడదోమలు పుట్టి గుడ్లు కుమ్మరిస్తాయి. పైరు ఎండేసరికి పొడుగురెక్కలవి తయారై వేరే చేలకు పోతాయి. వెనక మిగిలేవి గుండ్రంగా మాడిన సుడులు.

దారిలో ఒళ్లు మండించింది మందు కొట్టే తీరు. గొట్టం ఆకుల కొసల మీద ఊపుకుంటూ పోతున్నారు. మందు పైన, పురుగు కింద! సుడిదోమకు వాడే పైమెట్రోజిన్ మందు లీటరు నీటికి 0.6 గ్రాములు కలిపినా నాజిల్ మొదళ్లకు పెట్టకపోతే దండగే. సింథటిక్ పైరెత్రాయిడ్లనే రకం పురుగుమందులు ఇంకా చేటు: సుడిదోమను తినే సాలీళ్లు, మిరిడ్ నల్లులు చచ్చి, సుడిదోమ మునుపటికన్నా పెరుగుతుంది.

నాటేటప్పుడే 2 మీటర్లకొకటి చొప్పున 20 సెంటీమీటర్ల కాలిబాటలు తూర్పు పడమరలుగా వదిలితే మొదళ్లకు గాలి, వెలుతురు అందుతాయి. మార్టేరు వరి పరిశోధన కేంద్రం ఇచ్చిన ఎంటీయూ 1010 రకం సుడిదోమను కొంత తట్టుకుంటుంది, సన్నరకం బీపీటీ 5204 తట్టుకోదు. తినేవాళ్లకు ఆ సన్నబియ్యమే కావాలి, సుడిదోమకూ అదే ముద్దు.

దోమ కనబడగానే నీరు తీసి చేను ఆరగట్టమంటారు. మంచి సలహాయే. కానీ డెల్టాలో చాలాచోట్ల నీరు చేలోంచి చేలోకే పారుతుంది. పైచేను వాళ్లు మడవ కట్టకపోతే కిందిచేను ఆరేదెలా?