గొంతు లేనివారట!

చిన్నది భోజనాలయ్యాక తమ విద్యార్థి పత్రిక మొదటి పుట చిత్తుప్రతిని నా ముందు పెట్టి, "అమ్మా, ఒక్కసారి చూడు, రేపు సాయంత్రం ఖరారు చేయాలి" అని చెప్పి పడుకోవడానికి వెళ్లిపోయింది. "మా ధ్యేయం, మా విలువలు" అన్న శీర్షిక కింద వైవిధ్యం, సమానత్వం, స్వేచ్ఛ వరుసగా ఉన్నాయి. వాటితో నాకు పేచీ లేదు. "గొంతు లేనివారికి గొంతునవుతాము" అన్న వాక్యం దగ్గరే ఒళ్లు మండింది.

నేను డిగ్రీ చదివే రోజుల్లో, నాట్ల వేళ ఊరికి వెళ్లినప్పుడు, ఒడ్డు మీద కూర్చుని ఆడవాళ్లు పాడే పాటలను నోటుపుస్తకంలో రాసుకున్నాను. ఒకామె ఎత్తుకుంటే మిగిలినవారు వంచిన నడుము ఎత్తకుండానే అందుకునేవారు. నారుమడిలో ఉన్నవారికి కూడా ఆ పాట వినిపించేది, వారు అక్కడి నుంచే బదులు పాడేవారు. వారికి గొంతు లేదని అనడానికి ఎవరికైనా నోరెలా వస్తుంది? ఆ పాటలను మా కాలేజీ మ్యాగజైన్‌కు ఇస్తూ, పాడిన ప్రతి ఒక్కరి పేరునూ ఇంటిపేరుతో సహా చివర రాశాను. పాటలు అచ్చయ్యాయి, కింద "సేకరణ" అంటూ నా పేరూ అచ్చయింది, వారి పేర్లు మాత్రం పోయాయి. స్థలం చాలలేదని చెప్పారు. అదే సంచికలో అధ్యక్షులవారి ఫొటోకు నిండు పుట, వారి సందేశానికి మరొక పుట, ప్రిన్సిపాల్ గారి సందేశానికి ఇంకొక పుట చాలాయి. ఎన్‌సీసీ పరేడు బొమ్మలకైతే లెక్కే లేదు. నోటుపుస్తకం కూడా తిరిగి రాలేదు. ఊళ్లో వారిని అత్తా, వదినా అనే పిలిచేవాళ్లం కనుక ఆ పేర్లలో సగం నాకు ఇప్పుడు గుర్తుకు రావు.

నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు పూజ్యం, అంటే అసలు లేనే లేరన్న మాట వచ్చినప్పుడు సురవరం ప్రతాపరెడ్డిగారు విలువల పట్టిక రాస్తూ కూర్చోలేదు. 354 మంది కవుల రచనలను సేకరించి 1934లో 'గోలకొండ కవుల సంచిక'ను అచ్చువేసి చూపించారు. పని చేసి చూపేవారికి ఈ ప్రకటనలెందుకని, పెన్ను తీసుకుని పుట మొత్తాన్ని అడ్డంగా కొట్టేయబోయాను.

అయితే, ప్రతాపరెడ్డిగారు తమ 'గోలకొండ పత్రిక'ను ఏళ్ల తరబడి అంటిపెట్టుకుని ఉన్నారు. చిన్నదీ దాని స్నేహితులూ చదువు ముగియగానే తలో ఊరికి పోతారు, ఆ తరువాత పత్రికను నడపవలసినవారు వీరి ముఖం కూడా చూసి ఉండరు. 1889లో కేంబ్రిడ్జి విద్యార్థులు ప్రారంభించిన 'గ్రాంటా' పత్రిక దాదాపు ఆగిపోయే స్థితికి చేరాక 1979లో అక్కడి విద్యార్థులే దాన్ని మళ్లీ నిలబెట్టారు కానీ, అప్పటికి పాత పేరు తప్ప తీరంతా మారిపోయింది. ఏటేటా చేతులు మారే పత్రికకు, ముందున్నవారు దేనికి ఒప్పుకోలేదో చెప్పే కాగితం ఒకటి ఉండడం మంచిదే. ఇలా అనుకున్నాక చిత్తుప్రతిని మళ్లీ చదివాను. అట్టడుగున, చిన్న అక్షరాలలో, ఇంతకుముందు నేను దాటేసిన రెండు వాక్యాలున్నాయి: పాట పాడినవారి, కథ చెప్పినవారి పేరూ ఊరూ వారి అనుమతితో తప్పక వేస్తారట, సంచికను వారి ఇంటికి తీసుకువెళ్లి ఇస్తారట. కాలేజీ యాజమాన్యం డబ్బు తీసుకోలేదు కనుక సందేశాల పుటలూ ఉండవట. దీనికి మాత్రం నాకు పైకి చెప్పుకోలేనంత సంతోషం కలిగింది.

మంచినీళ్లకు లేచి వచ్చిన చిన్నదానితో, ఆ రెండు వాక్యాలనే పైకి తెచ్చి గొంతుల వాక్యాన్ని తీసేయమన్నాను. "అందరికీ బాగా నచ్చింది అదేనమ్మా, రేపు ఓటింగ్ పెడతాను" అంది. నా పక్షాన దాని ఓటు ఒక్కటైనా పడుతుందో లేదో అనుమానమే.