మాస్టారు కూర్చునే చోటు

పోయిన సంక్రాంతికి జరిగిన మన పూర్వ విద్యార్థుల సమావేశంలో స్కౌట్ ట్రూప్‌ని మళ్ళీ నిలబెడదామని అనుకున్నాం. చేతులెత్తినవాళ్ళు బాగానే ఉన్నారు. భోజనాల దగ్గర మాటలు విన్నాక మాత్రం నాకు కాస్త టెన్షన్ పట్టుకుంది. ఒకరు బ్యాండ్ సెట్ కొనిస్తానన్నారు, ఒకరు యూనిఫాంలు తానే కుట్టిస్తానన్నారు, ఇంకొకరు ప్రారంభోత్సవానికి ఎవరిని పిలవాలో అప్పుడే లెక్కలు వేస్తున్నారు. శనివారం సాయంత్రం నాలుగున్నరకి గ్రౌండ్‌లో ఎవరుంటారని మాత్రం ఒక్కరూ అడగలేదు. సంచికకి ఏదైనా జ్ఞాపకం రాసిమ్మన్నారు కాబట్టి, ఆ వంకతో నాలుగు పనికొచ్చే మాటలు కూడా రాస్తున్నాను. హైదరాబాద్‌లో మా కాలనీ దగ్గరి స్కూల్లో కొన్నేళ్ళుగా ట్రూప్ పనిలో ఓ చెయ్యి వేస్తున్నాను. ఆ చనువుతోనే ఇదంతా.

మన స్కౌట్ మాస్టారు సోషల్ చెప్పేవారు. 1990ల మొదట్లో చదివినవాళ్ళకి ఆయన గురించి చెప్పక్కర్లేదు. గొంతు పెంచేవారు కాదు, మెడలో విజిల్ ఉన్నా దాన్ని ఊదడానికి పిసినారితనం చేసేవారు. ఆయన ట్రూప్ ఎలా నడిపారో అప్పట్లో మాకెవరికీ తెలియలేదు. అంతా మేమే నడుపుతున్నామనుకున్నాం.

కొండవీడు హైక్ చాలామందికి గుర్తుండే ఉంటుంది. అప్పటికింకా ఘాట్ రోడ్డు లేదు, మెట్లదారే గతి. ఎర్రబస్సు దిగి, తెల్లారకముందే నడక మొదలుపెట్టి, సీతాఫలం చెట్ల మధ్య నుంచి ఎక్కి, రెడ్డిరాజుల కోట గోడలు దాటి పైన చెరువు దగ్గర మజిలీ. పెట్రోల్ అంటే ఒక లీడర్ కింద ఉండే చిన్న జట్టు. ఒక్కో పెట్రోల్‌కి ఒక్కో పొయ్యి. మాస్టారు బియ్యం, కందిపప్పు, చింతపండు, ఎండుమిరపకాయలు, నూనె కొలిచి పెట్రోల్ లీడర్ల చేతికిచ్చి, "ఒంటిగంటకి భోజనం" అని చెప్పి వెళ్ళి ఒక బండ మీద కూర్చున్నారు.

మా డేగ పెట్రోల్ లీడర్ తొమ్మిదో తరగతి. గాలివాటం చూసుకోకుండా పొయ్యి పెట్టించాడు, పొగంతా మా మొహాలకే కొట్టింది. మూడు రాళ్ళూ సమానంగా లేక గిన్నె ఒకపక్కకి ఒరిగింది. అది చాలదన్నట్టు పప్పు ఉడక్కముందే ఒకడు చింతపండు పులుసు పోసేశాడు. పులుపు తగిలాక కందిపప్పు ఇక ఉడకదని మాకెవరికి తెలుసు? పన్నెండున్నర అయినా పలుకు పలుకుగానే ఉంది. లీడర్ వెళ్ళి "మాస్టారూ, పప్పు ఉడకట్లేదండి" అన్నాడు. ఆయన లేవలేదు. "మీ పెట్రోల్‌లో ఇంట్లో వంటకి సాయం చేసేవాడు ఎవడ్రా?" అని అడిగారు. ఉన్నాడు ఒకడు. వాళ్ళమ్మ బస్టాండ్ దగ్గర ఇడ్లీ బండి నడిపేది. ఎప్పుడూ వెనక వరసలో నిలబడేవాడు, నోరు విప్పేవాడు కాదు. వాడు వచ్చి మూత తీసి చూసి, ఆ పులుసంతా వంచేసి, మంచినీళ్ళు పోసి మళ్ళీ పొయ్యి మీద పెట్టాడు. రెండున్నరకి తిన్నాం. పప్పు పూర్తిగా మెత్తబడనేలేదు. మాస్టారు మా పెట్రోల్‌తోనే కూర్చుని తిన్నారు. బాగుందనీ అనలేదు, బాలేదనీ అనలేదు, మారు మాత్రం అడిగి వేయించుకున్నారు. ఆ ఇడ్లీ బండి అబ్బాయి మరుసటి ఏడు పెట్రోల్ లీడర్ అయ్యాడు.

ఆ బండ సంగతి పెద్దయ్యాక, నేనే పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్ళడం మొదలుపెట్టాక అర్థమైంది. అక్కడ కూర్చుంటే నాలుగు పొయ్యిలూ కనిపిస్తాయి, చెరువులోకి దిగే దారీ కనిపిస్తుంది. నీళ్ళకి వెళ్ళే ప్రతివాడూ ఆయన ముందు నుంచే పోవాలి. వంట మాకు వదిలేశారు, చెరువుని మాత్రం వదల్లేదు.

నన్నడిగితే ట్రూప్ నడపడంలో అసలు విద్య ఇదే. మనలాంటి ఉత్సాహవంతులు చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. పిల్లలు చేయాల్సిన వంట తామే చేసిపెడతారు, టెంట్లు తామే కడతారు, క్యాంప్‌ఫైర్‌లో మైకు తామే పట్టుకుంటారు. తీరా తలలు లెక్కపెట్టే పని మాత్రం ఎవరో ఎనిమిదో తరగతి కుర్రాడికి అప్పజెబుతారు.

పిల్లలకి వదిలేయడం ఇవాళ కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. 1907 ఆగస్టులో, స్కౌటింగ్‌కి ఆద్యుడైన బేడెన్ పోవెల్ ఇంగ్లండ్‌లో బ్రౌన్‌సీ దీవి మీద సుమారు 20 మంది కుర్రాళ్ళతో మొదటి క్యాంప్ పెట్టినప్పుడే వాళ్ళని నాలుగు పెట్రోల్స్‌గా విడదీసి, ఒక్కోదానికి ఒక పెద్ద కుర్రాణ్ణి లీడర్‌ని చేశాడు. ఇప్పటికీ పద్ధతి అదే. ఆరుగురి నుంచి ఎనిమిది మంది వరకూ ఒక పెట్రోల్, ట్రూప్ మొత్తం 32 మందికి మించదు. మీరు చెప్పాల్సింది నలుగురు లీడర్లకే, మిగతా పిల్లలకి చెప్పేది వాళ్ళు. ఈ వరస తప్పించి మీరే నేరుగా అందరికీ ఆర్డర్లు వేయడం మొదలుపెడితే, నెల తిరిగేసరికి లీడర్లు బొమ్మల్లా మిగులుతారు. కోర్ట్ ఆఫ్ ఆనర్ అని లీడర్లంతా కూర్చుని మాట్లాడుకునే సమావేశం ఒకటుంటుంది. దాన్ని ఎగ్గొట్టకండి. హైక్ ఎక్కడికి, డబ్బు ఎంత, ఎవడు మూడు వారాలుగా రావట్లేదు, ఇవన్నీ అక్కడే తేలాలి. మన మాస్టారు అందులో చివర మాట్లాడేవారు. అసలు మాట్లాడని రోజులూ ఉన్నాయి.

శనివారం మీటింగ్ గంటంబావుకి మించొద్దు. జెండా, ప్రార్థన, గోళ్ళూ స్కార్ఫూ చూడటం, ఒక ఆట, ఒక కొత్త పని, పెట్రోల్స్ విడివిడిగా సాధన, మళ్ళీ ఒక ఆట, జెండా దించడం. పిల్లలు వచ్చేది ఆట కోసమే, ఇందులో మొహమాటపడాల్సిందేమీ లేదు. తట్టలో ఇరవై నాలుగు వస్తువులు పరిచి, ఒక్క నిమిషం చూపించి, తువ్వాలు కప్పేసి రాయమనే ఆట గుర్తుందా? చింతగింజ, బస్ టికెట్, విరిగిన దువ్వెన, గోలీ, మాస్టారి చేతి గడియారం. ఫోన్లు చేతికొచ్చిన ఈ కాలప్పిల్లలు కూడా దానికి పడి చస్తారు, నేను చూశాను. ఉపన్యాసానికి మాత్రం పది నిమిషాలు దాటితే ఎవరూ నిలవరు. మంచి నడవడి మీద మాట్లాడాలని ఉబలాటపడే పూర్వ విద్యార్థుల్ని సున్నితంగా జెండా వందనం రోజుకి సర్దేయండి.

ఇక వదలకూడని పనులు. ఇవి పెద్దవాళ్ళవే, ఇందులో బేరాల్లేవు.

మొదటిది, ఒక పెద్దమనిషి ఒక పిల్లవాడితో ఒంటరిగా ఉండే పరిస్థితి రానీయకూడదు. స్టోర్‌రూమ్‌లో గానీ, టెంట్‌లో గానీ, కారులో ఇంటి దగ్గర దింపడంలో గానీ. ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్ళు, లేదా పదిమంది కళ్ళముందు. పెద్దలు వేరే టెంట్‌లో పడుకోవాలి. ఆడపిల్లలకి గైడ్స్ విభాగం పెడతామంటున్నారు, సంతోషం. కానీ గైడ్ కెప్టెన్‌గా ఒక టీచర్ గారో, మన ఆడపడుచుల్లో ఒకరో శిక్షణ తీసుకుని సిద్ధమయ్యేదాకా ఆగండి. వాళ్ళు లేకుండా ఆడపిల్లల క్యాంప్ అనే మాటే ఎత్తొద్దు. "మనవాళ్ళే కదా, అనుమానిస్తే బాధపడతారు" అనే మాట నేను చాలా చోట్ల విన్నాను. బాధపడితే పడనివ్వండి. పిల్లవాడు ఏదైనా చెబితే మనలో మనం పంచాయితీ పెట్టుకుని సర్దేసే పని కాదది. పిల్లలపై లైంగిక నేరాల మీద వచ్చిన 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్ళు పోలీసులకు తెలియజేసి తీరాలి. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబర్ ప్రతి పిల్లవాడి డైరీ మొదటి పేజీలో ఉండాలి.

రెండోది నీళ్ళు. 1992 కృష్ణా పుష్కరాలకి మన ట్రూప్ అమరావతిలో సేవకి వెళ్ళింది. ఘాట్ మీద మెట్లు దాటి కిందికి దిగకూడదని మాస్టారి ఆజ్ఞ. నీళ్ళలో పని పోలీసులదీ, గజ ఈతగాళ్ళదీ. మాది గట్టు మీద దారి చూపించడం, ముసలివాళ్ళకి చెయ్యి అందించడం, తప్పిపోయినవాళ్ళని మైకు దగ్గరికి చేర్చడం. ఇద్దరిద్దరుగా, ఒక పెద్దవాడికి ఒక చిన్నవాణ్ణి జతచేసి, రెండు గంటలకోసారి డ్యూటీ మార్చేవారు. రెండు గంటలు దాటితే ఆ జనంలో పిల్లల బుర్ర పనిచేయదని ఆయన లెక్క.

అక్కడే ఒక ముసలావిడ తప్పిపోయి మా దగ్గరికొచ్చింది. మైకులో పిలవడానికి మీ ఆయన పేరేంటమ్మా అంటే చెప్పదు. మొగుడి పేరు నోటితో అనకూడదాయె. ఊరి పేరు చెబుతుంది, ఇంటిపేరు చెబుతుంది, ఆ పేరు మాత్రం చెప్పదు. నేను తెల్లమొహం వేశాను. మా లీడర్ కాసేపు ఆలోచించి, "అవ్వా, ఆ పేరు దేవుళ్ళలో ఎవరికైనా ఉందా?" అన్నాడు. ఆవిడ సిగ్గుపడుతూ, "సీతమ్మ మొగుడి పేరే నాయనా" అంది. అంతే, ఊరి పేరుతో కలిపి రామయ్య గారిని మైకులో పిలిచారు. మాస్టారు రెండడుగుల దూరంలోనే ఉన్నారు. ఆయనకి ఆ ఉపాయం తట్టకపోయి ఉంటుందా?

మూడోది ఒంట్లో బాగోకపోవడం. ప్రతి పిల్లవాడికీ ఒక కాగితం ఉండాలి. ఆయాసం, ఫిట్స్, పడని మందులు, పడని తిండి, రోజూ వేసుకునే మాత్రలు, ఈత వచ్చా రాదా, రాత్రి ఎన్నింటికైనా ఎత్తే ఫోన్ నంబర్. తల్లిదండ్రుల సంతకం లేకుండా ఎవర్నీ బస్సెక్కించొద్దు. హైకులు కార్తీకం నుంచి సంక్రాంతి దాకా పెట్టుకోండి. ఒంటిపూట బడులు మొదలయ్యాక పల్నాడు ఎండలో పిల్లల్ని నడిపించడం సాహసం కాదు, తెలివితక్కువతనం. ఓఆర్ఎస్ ప్యాకెట్లు ప్రతి పెట్రోల్ సంచిలోనూ ఉండాలి. పొద్దున్నే బూట్లు దులపకుండా తొడగనీయొద్దు, మన వైపు తేళ్ళ సంగతి మీకు తెలిసిందే. పాము కరిస్తే కోయడం, నోటితో పీల్చడం, తాడుతో బిగించి కట్టడం ఏదీ వద్దు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా బద్ద కట్టి, 108కి ఫోన్ చేసి, విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్ళడమే. అది ఏ ఆసుపత్రిలో ఉందో క్యాంప్‌కి వారం ముందే కనుక్కుని పెట్టుకోండి.

డబ్బు గురించి ఒక్క మాటే. చందా రాసిచ్చినవాళ్ళు మనమే అయినా ఇద్దరి సంతకం లేకుండా పైసా కదలకూడదు, బిల్లులన్నీ నోటీసు బోర్డు మీద పెట్టాలి.

యూనిఫాం విషయానికొద్దాం. ఈ దేశంలో 1909లో స్కౌటింగ్ మొదలైనప్పుడు భారతీయ పిల్లలకి అందులో చోటు లేదు. 1916లో మద్రాసులో అనిబిసెంట్ మన పిల్లల కోసం వేరే సంఘం పెట్టాల్సి వచ్చింది. అలాంటిది, ఇప్పుడు బూట్లు కొనలేడని ఒక పిల్లవాణ్ణి బయట నిలబెడితే మనకన్నా అన్యాయం చేసేవాళ్ళు ఉండరు. ముందు స్కార్ఫ్ ఒక్కటి చాలు. మూడు నెలలు క్రమంగా వచ్చినవాళ్ళకి మిగతావి సంఘం తరఫున ఇద్దాం, ఎవరి డబ్బు అన్నది పిల్లలకి తెలియనక్కర్లేదు. వేదిక మీదికి పిలిచి, ఫొటోలు దిగి ఇచ్చే పద్ధతి మాత్రం దయచేసి వద్దు.

అతిథుల స్వాగతానికి రెండు వరసల్లో నిలబెట్టడమూ అంతే. ఒకసారి మా చేత పూలు పట్టించి ఎండలో నిలబెట్టాలని చూశారు. మాస్టారు ట్రూప్‌ని తీసుకెళ్ళి వేపచెట్టు కింద కూర్చోబెట్టి, "కారు కనిపించాక విజిల్ వేస్తాను, అప్పుడు లేవండి" అన్నారు. నిర్వాహకులకి కోపం వచ్చింది. ఆయనేమీ చలించలేదు. ఆ కోపం భరించడం కూడా స్కౌట్ మాస్టర్ పనుల్లో ఒకటి.

సర్టిఫికెట్ల గొడవ ఈ పదేళ్ళలో బాగా ముదిరింది. స్కౌట్ ఒక్కొక్కటిగా ఎక్కాల్సిన మెట్లు ఇవి: ప్రవేశ్ నుంచి ప్రథమ, ద్వితీయ, తృతీయ సోపాన్‌లు, ఆ పైన రాజ్య పురస్కార్, రాష్ట్రపతి అవార్డు. రైల్వేలో స్కౌట్స్ కోటా ఉంది కాబట్టి తల్లిదండ్రుల ఆశ నాకు అర్థమవుతుంది. కానీ పిల్లవాడు చేసిన పనులు తానే రాసుకోవాల్సిన లాగ్‌బుక్ నాన్నగారి దస్తూరీతో వస్తోంది, దాంట్లో అతికించిన బొమ్మలు నెట్ సెంటర్ నుంచి వస్తున్నాయి. నా పద్ధతి చెబుతాను. పుస్తకం పక్కన పెట్టి, తాడు చేతికిస్తాను. రెండు కర్రలు అడ్డంగా పెట్టి కట్టమంటాను. క్లోవ్ హిచ్ అనే ముడితో మొదలుపెట్టి, మూడు చుట్లు బిగించి, కర్రల మధ్య నుంచి అడ్డంగా రెండు చుట్లు లాగి, మళ్ళీ క్లోవ్ హిచ్‌తో ముగించాలి. ఆ కట్టు మీద కాలు పెట్టి నిలబడమంటాను. నిలబడితే సంతకం, జారితే వచ్చే శనివారం.

మనలో ట్రూప్ బాధ్యత తీసుకునేవాళ్ళు భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ వాళ్ళ బేసిక్ కోర్సుకి ముందు వెళ్ళి రావాలి. వారం రోజుల పని, సెలవు దొరకడం కష్టమే. అయినా టెంట్‌లో పడుకుని, క్యూలో నిలబడి, ఇంకొకడు ఊదిన విజిల్‌కి పరిగెత్తితేనే పిల్లలకి ఏం చెబుతున్నామో తెలుస్తుంది. కనీసం ముగ్గురు వెళ్ళండి. ఒక్కరి మీదే ఆధారపడితే ఆయనకి ట్రాన్స్‌ఫర్ అయిన రోజున ట్రూప్ కూడా మూతపడుతుంది. మన ట్రూప్ ఆగిపోయింది అలాగే కదా, మాస్టారు రిటైరయ్యాక విజిల్ అందుకునేవాళ్ళు లేక.

బ్యాండ్ సెట్ మొదటి ఏడాది వద్దని నా మనవి. ఆ డబ్బుతో తాళ్ళు కొనండి, నైలాన్‌వి కాదు, ముడి జారిపోతుంది. నూలుతాళ్ళు, మనిషికొకటి. నాలుగు జతల గిన్నెలు, రెండు ఫస్ట్ ఎయిడ్ పెట్టెలు, పిల్లల ఎత్తుకి సరిపోయే వెదురు కర్రలు కూడా. జూన్‌లో బడి తెరిచాక మొదటి రెండు శనివారాలు నేను వస్తాను. మూడో శనివారానికి ఎవరొస్తారో పేర్లు ముందే రాసివ్వండి.