చింతపిక్కల నౌకాదళం: నాలుగో ఆట అయింది

మూడు నెలలుగా మా భోజనాల బల్ల మీద ఇంగ్లండ్, ఫ్రాన్స్‌ల మధ్య సముద్రం, ఇంగ్లిష్ ఛానెల్, పరిచి ఉంది. ఇంట్లోవాళ్లు కంచాలు ఒళ్లో పెట్టుకుని తింటున్నారు. 1940 సెప్టెంబరులో హిట్లర్ ఇంగ్లండ్‌లో సైన్యాన్ని దింపాలనుకుని, చివరికి మానుకున్న 'సీ లయన్' పథకం నిజంగానే మొదలుపెట్టి ఉంటే గట్టెక్కేదా? దీన్ని చేత్తో ఆడి చూడాలని నా పట్టు. రూల్స్ ఇప్పటికే రెండుసార్లు చెరిపి రాశాను. ఇక్కడ రాసిపెట్టుకోకపోతే రేపు నాకే గుర్తుండదు.

ముందు సామాను. నాలుగు డ్రాయింగ్ చార్టులు అతికించి, రెండు సెంటీమీటర్ల ఆరుమూలల గడులు గీశాను. గడికి 5 కిలోమీటర్లు, టర్నుకు రెండు గంటలు. డిస్ట్రాయర్లకు, అంటే వేగంగా పోయే చిన్న యుద్ధనౌకలకు చొక్కా గుండీలు, ఒక్కో గుండీకి రెండు ఓడలు. ఛానెల్‌కు దగ్గర్లో బ్రిటన్‌కు 30కి పైగా డిస్ట్రాయర్లు ఉన్నాయి కాబట్టి అటు 18 గుండీలు. నార్వేలో, ముఖ్యంగా నార్విక్‌లో పోగొట్టుకున్నాక జర్మనీకి మిగిలినవి పదే. ఇటు ఐదు గుండీలు.

బార్జీలకు మాత్రం చింతపిక్కలు. మొదట శుభలేఖల అట్టలు కత్తిరించాను గానీ, ఫ్యాన్ వేయగానే దండయాత్ర మొత్తం సోఫా కిందికి పోయింది. జర్మన్లు నదుల మీద తిరిగే సరుకు బార్జీలను సుమారు 2,400 దాకా పోగుచేశారు, ముందుభాగం కోసి ర్యాంపులు పెట్టారు. పిక్కకు 20 చొప్పున 120 పిక్కలు. ఆ బార్జీల్లో సొంత ఇంజను ఉన్నవి 800 మాత్రమే. అందుకని 40 పిక్కల్ని ఒకవైపు బండ మీద తెల్లగా తేలేదాకా అరగదీశాను, చిన్నప్పుడు ఆటకు అరగదీసినట్టే. నల్లగా మిగిలినవన్నీ టగ్గు పడవ లాగితేనే కదిలేవి. బల్ల మీద ఆ నలుపు చూస్తుంటేనే సగం సంగతి అర్థమవుతుంది.

మొదటి ఆటలో జర్మన్లు హాయిగా దిగిపోయారు. కారణం నా బుర్రే. ఆటుపోట్లు మర్చిపోయాను.

లాగుడు బార్జీ గంటకు నాలుగైదు కిలోమీటర్లు పోతుంది. అంటే టర్నుకు రెండు గడులు. ఛానెల్‌లో అడ్డంగా పారే ఆటుపోటు వేగం కూడా ఇంచుమించు అంతే, ఇరుకులో ఇంకా ఎక్కువ. అందుకని మూడు టర్నులు అన్ని పిక్కల్నీ ఒక గడి తూర్పుకు జరపాలి, తర్వాత మూడు టర్నులు పడమరకు. డోవర్ జలసంధి దగ్గర రెండేసి గడులు. ఫ్రాన్స్‌లోని బులోన్ నుంచి ఇంగ్లండ్‌లోని రై దగ్గరి తీరానికి 12 గడులు, మామూలుగా అయితే 12 గంటలు. బెల్జియంలోని ఒస్టెండ్ నుంచి ఇంగ్లండ్‌లోని హైత్‌కు 26 గడులు, అంటే ఒక రాత్రి చాలదు. మా బావమరిది బ్రిటిష్ వైపు ఆడతాడు. ఇంగ్లండ్ తీరంలో డంజనెస్ అనే కొస ముందు పిక్కలన్నీ గుంపుగా చేరడం చూసి, "బావా, ఇది దండయాత్రా, తిరనాళ్లా?" అన్నాడు. వాడి గుండీలు ఇంగ్లండ్ రేవు హార్విచ్ నుంచి టర్నుకు 18 గడులు వస్తాయి మరి.

మూడో ఆటలో పంతం కొద్దీ ఆకాశం మొత్తం జర్మన్లకు రాసిచ్చేశాను. ఇంగ్లండ్ ఆగ్నేయ మూల ఉన్న కెంట్‌లో ఒక్క బ్రిటిష్ విమానం ఉండదు. సాధారణంగా అందరూ చెప్పేది, రాయల్ ఎయిర్ ఫోర్స్ ఓడిపోతే ఇంగ్లండ్ పని అయిపోయేదని. బల్ల మీద అలా జరగలేదు. పగలు స్టూకాలు, అంటే జర్మన్ బాంబర్ విమానాలు, గుండీలు తీసేస్తాయి, కానీ చీకటి పడ్డాక వాటికి దాడి పాచిక వేసే వీలుండదు. ఈ రూల్ నా సొంత కల్పన కాదు. 1941 మే 21 రాత్రి మధ్యధరా సముద్రంలోని క్రీట్ ద్వీపానికి జర్మన్ సైనికులతో బయల్దేరిన చిన్న పడవల బారును బ్రిటిష్ యుద్ధనౌకలు చీకట్లో చెదరగొట్టాయి. మర్నాడు పగలు అదే సముద్రంలో జర్మన్ విమానాలు గ్లౌస్టర్, ఫిజి అనే పెద్ద బ్రిటిష్ యుద్ధనౌకలను (క్రూయిజర్లను) ముంచాయి. పగటి పాచికను మాత్రం 1940లో బ్రిటిష్ సైన్యాన్ని ఓడల మీద తప్పించిన డంకర్క్ లెక్క చూసి తగ్గించాను. అక్కడ మునిగిన 6 బ్రిటిష్ డిస్ట్రాయర్లలో రెండు విమానాలకు కాదు, టార్పెడోలకు పోయాయి.

నాలుగో ఆటలో జర్మన్లకు ఇంకాస్త దయ చూపించాను. మొదటి దఫా 60 పిక్కలు దిగేదాకా బ్రిటిష్ నౌకాదళం నిద్రపోవాలని రూల్ పెట్టాను. అయినా పది పిక్కలు ముందే పక్కన పెట్టక తప్పలేదు. సెప్టెంబరులో రేవుల మీద పడిన బాంబులకు నిజంగానే 200కు పైగా బార్జీలు పోయాయి. దారిలో పోయినవి పోగా 49 పిక్కలు ఒడ్డుకు చేరాయి, కెంట్ తీరంలోని రామ్నీ మార్ష్ నిండా జర్మన్లే. బావమరిది మొహం వాడిపోయింది.

అసలు తంటా అక్కడే మొదలైంది. ఇసుకలో కూర్చున్న బార్జీ మళ్లీ తేలాలంటే తర్వాతి పోటు దాకా, అంటే 12 గంటలకు పైగా ఆగాలి. అప్పటికి గుండీలు నిద్రలేచాయి. మొదటి రాత్రి 14 పిక్కలు పోయాయి, రెండో రాత్రి 11. తూటాలు, తిండి, వాటితోపాటు గుర్రాల మేత కూడా ఈ పడవల్లోనే రావాలి. జర్మన్ సైన్యం బళ్లు లాగడానికి వేల గుర్రాల్ని కూడా దాటించాలనుకుంది! ఆరో రోజుకు ఒడ్డున ఉన్న దళాలకు మందుగుండు సున్నా. 1974లో బ్రిటన్‌లోని శాండ్‌హర్స్ట్ సైనిక అకాడమీలో ఇదే ఆట ఆడారు. అడాల్ఫ్ గాలండ్, ఫ్రీడ్రిష్ రూగె లాంటి జర్మన్ మాజీ అధికారులు కూడా అంపైర్లుగా కూర్చున్నారు. అక్కడా జర్మన్లు దిగారు గానీ నిలవలేకపోయారు.

ఒక్క అనుమానం మిగిలింది: నా రాత్రి పాచిక బ్రిటిష్ వాళ్లకు మరీ అనుకూలంగా ఉందేమో. నాలుగు, ఆపైన పడితే పిక్క పోతుంది అన్నది ఐదు, ఆపైన అని మార్చి ఒక్క రాత్రి వరకు ఆడాను. 14 బదులు 9 పోయాయి. సరఫరా రెండు మూడు రోజులు సాగుతుందేమో, అంతే.

తర్వాత మాల్టా వేద్దామనుకుంటున్నాను. 1942లో ఇటలీ, జర్మనీ కలిసి వేసిన 'హెర్క్యులిస్' పథకం, అదీ జరగలేదు. దానికి చార్టు రెండు షీట్లు చాలు. బల్ల సగం ఖాళీ అవుతుందని ఇంట్లో చెప్పాను. ఈలోపు ఏడు పిక్కలు కనపడటం లేదు. సోఫా కింద చూశాను, లేవు.