తుపాను తర్వాతి వాయిదా

పద్దెనిమిదేళ్లుగా నా పని అప్పు కాగితాలు చదవడం. బాండ్లు, రుణ ఒప్పందాలు, హామీ పత్రాలు సంతకానికి వెళ్లే ముందు ఆఖరిసారి నా బల్ల మీదకు వస్తాయి. తేదీలు కుదిరాయా, వడ్డీ లెక్క సరిపోయిందా, ఒక క్లాజులో ఇచ్చింది ఇంకో క్లాజులో లాగేసుకుంటున్నారా అని చూసి పంపిస్తాను. వాతావరణ సదస్సుల వార్తలు చదివేటప్పుడూ ఈ అలవాటు నన్ను వదలదు. ఎన్ని వేల కోట్ల డాలర్లు ఇస్తామన్నారో హెడ్డింగులోనే ఉంటుంది. ఇచ్చేది అప్పా, గ్రాంటా? అప్పయితే ఎన్నేళ్లలో కట్టాలి? మధ్యలో తుపాను వస్తే వాయిదా సంగతేంటి? ఇవి మాత్రం వార్త చివరిదాకా చదివినా చాలాసార్లు దొరకవు. నేను వెతికేది అవే.

2024 జులై 1న బెరిల్ హరికేన్ కరీబియన్ దేశమైన గ్రెనడాలోని కరియకూ అనే చిన్న దీవి మీద పడింది. గాలి వేగం గంటకు 240 కిలోమీటర్లు. దీవిలో పైకప్పు నిలిచిన ఇల్లు ఎక్కడుందో వెతుక్కోవాల్సిన పరిస్థితి. కొన్ని గంటల్లోనే అది హరికేన్లలో అత్యంత తీవ్రమైన ఐదో కేటగిరీకి చేరింది. జులై మొదట్లోనే ఆ స్థాయికి చేరిన హరికేన్ అట్లాంటిక్ రికార్డుల్లో అంతకుముందు లేదు. ఆ ఫొటోలు చూస్తూ చూస్తూ ఉండలేక, గ్రెనడా 2015లో తన పాత అప్పుల స్థానంలో ఇచ్చిన బాండు పత్రం తెరిచాను. ఏడు శాతం వడ్డీ, 2030లో గడువు. దాంట్లో హరికేన్ క్లాజు అని ఒకటి ఉందని విన్నాను గానీ, అప్పటిదాకా మాట మాటా పట్టి చదవలేదు.

క్లాజు సారం ఇది. దేశానికి తుపాను తగిలి, నష్టం ముందే రాసుకున్న స్థాయి దాటిందని కరీబియన్ దేశాల ఉమ్మడి విపత్తు బీమా సంస్థ లెక్క తేలిస్తే, తర్వాత వచ్చే వాయిదాలు ఆపుకునే హక్కు ప్రభుత్వానికి ఉంటుంది. అప్పిచ్చినవాళ్లను మళ్లీ బతిమాలక్కర్లేదు. దాన్ని ఎగవేత కింద రాయరు. ఆగిన వడ్డీ అసలులో కలుస్తుంది, ఆగిన అసలు మిగతా వాయిదాల మీద సర్దుతారు. అంటే ఒక్క డాలరు కూడా మాఫీ కాలేదు, కాస్త ఊపిరి తీసుకునే వ్యవధి మాత్రం దొరికింది. ఆ ఆగస్టులోనే గ్రెనడా ఈ హక్కు వాడుకుంది. నవంబర్ వాయిదా, మరుసటి ఏడు మే వాయిదా రెండూ ఆగాయి. బాండులోని ఇలాంటి క్లాజును వాడుకున్న మొదటి దేశం అదే.

ఆ క్లాజు ఊరికే రాలేదు. 2004లో ఇవాన్ హరికేన్ వచ్చినప్పుడు ఆ దేశానికి జరిగిన నష్టం ఏడాది మొత్తం ఆదాయానికి, అంటే జీడీపీకి, దాదాపు రెట్టింపు. మరుసటి ఏడే అప్పుల్ని తిరగరాసుకున్నారు. 2013లో మళ్లీ కట్టలేక చేతులెత్తేశారు. రెండోసారి బేరానికి కూర్చున్నప్పుడు అప్పిచ్చినవాళ్లు అసలులో సగం వదులుకున్నారు, దాంతోపాటు ఈ క్లాజుకూ ఒప్పుకున్నారు. అంటే ఒక దేశం రెండుసార్లు దివాలా అంచు చూసొస్తే తప్ప ఈ పేరా కాగితం మీదకు రాలేదు. ఆ పేరా ముందు నేను చాలాసేపు కూర్చుండిపోయాను. నా చేతుల మీదుగా వెళ్లిన ఒప్పందాల్లో ఇలాంటిది ఒక్కటీ లేదు.

క్లాజు లేకపోతే ఏమవుతుందో ఈ పనిలో ఉన్నవాళ్లకు తెలుసు. తుపాను వచ్చిన వారం ఆర్థిక శాఖలో ఒకే ఖాతా ఉంటుంది. అందులోంచి ఆసుపత్రి జనరేటర్‌కు డీజిలూ కొనాలి, విదేశీ బాండు వాయిదా కూడా పంపాలి. పన్నులు రావు, పర్యాటకులు రారు, ఓడరేవు పనిచేయదు. వాయిదా తప్పితే అప్పు తీర్చే సత్తాకు ఇచ్చే రేటింగ్ పడుతుంది, మళ్లీ అప్పు పుట్టదు, పుట్టినా వడ్డీ మండిపోతుంది. కాబట్టి వాయిదా కట్టేసి, పైకప్పులు తర్వాత చూద్దామనుకుంటారు. ఈ నిర్ణయం ఏ వార్తలోనూ రాదు, బ్యాంకు లావాదేవీల్లో ఒక వరుసగా మిగిలిపోతుంది. 2017లో మరియా హరికేన్ కరీబియన్ దీవి డొమినికాకు చేసిన నష్టం ఆ దేశ జీడీపీలో 226 శాతం. అంత నష్టం మీద ఏ వాయిదా క్యాలెండరు నిలుస్తుంది?

ఇలాంటి దేశాలు మామూలు రోజుల్లోనే మిగతా దేశాలకన్నా ఎక్కువ వడ్డీ కడుతున్నాయి. ముప్పు ఎక్కువ కాబట్టి. లండన్‌లోని ఇంపీరియల్ కాలేజీ, సోయాస్ పరిశోధకులు 2018లో దీన్ని లెక్కగట్టారు. వర్ధమాన దేశాలు వడ్డీ కింద కట్టే ప్రతి పది డాలర్లకూ, వాతావరణ ముప్పు వల్లే ఇంకో డాలరు అదనంగా కడుతున్నాయని తేలింది. పదేళ్లలో అలా పోయింది 4 వేల కోట్ల డాలర్లు. ఈ అంకె చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. వేడిని పెంచిన పొగ ఒకరిది, దానివల్ల పెరిగిన వడ్డీ కట్టేది మరొకరు. ఆ వడ్డీ లెక్కలు సరిచూసి పంపే ఉద్యోగం నాది.

అందుకే అప్పును సాయం అని పిలిస్తే నాకు మింగుడుపడదు. 2009లో కోపెన్‌హాగన్ వాతావరణ సదస్సులో సంపన్న దేశాలు పేద దేశాలకు 2020 కల్లా ఏటా 10 వేల కోట్ల డాలర్లు సమకూరుస్తామన్నాయి. ఆ మాట నెరవేరింది 2022లో, రెండేళ్లు ఆలస్యంగా. ఆ ఏడాది ప్రభుత్వాల నుంచి వచ్చిన సొమ్ములో దాదాపు 70 శాతం అప్పులే, గ్రాంట్లు 30 శాతానికి లోపే. సౌర విద్యుత్ కేంద్రం కట్టడానికి అప్పు తీసుకుంటే అర్థముంది. కరెంటు అమ్ముడవుతుంది, ఆదాయం వస్తుంది, అందులోంచి కడతారు. కొట్టుకుపోయిన వంతెనను మళ్లీ కట్టడానికి తీసుకున్న అప్పుకు ఆదాయం ఎక్కడిది? నిన్నటిదాకా ఉన్నదే మళ్లీ వచ్చింది, అప్పు మాత్రం కొత్తగా మిగిలింది. 2019 మార్చిలో ఇడాయ్ తుపాను మొజాంబిక్‌లోని బెయిరా నగరాన్ని ముంచేసింది. నెల తిరిగాక అంతర్జాతీయ ద్రవ్యనిధి ఇచ్చింది 11.8 కోట్ల డాలర్లు. వడ్డీ లేదు, నిజమే. కానీ అదీ తిరిగి కట్టాల్సిన అప్పే. 2022 వరదల్లో పాకిస్తాన్‌కు జరిగిన నష్టం 3 వేల కోట్ల డాలర్లు దాటింది. 2023 జనవరిలో జెనీవాలో దాతలు 900 కోట్లకు పైగా ప్రకటిస్తే, అందులో ఎక్కువ భాగం అప్పులే. మొజాంబిక్ చిమ్నీలు భూమిని ఏపాటి వేడెక్కించాయని ఆ దేశం ఈ బిల్లు కట్టాలి?

బీమా ఉంది కదా అని మా ఆఫీసులో ఒకాయన అన్నారు. ఉంది, దాని సంగతీ చూద్దాం. జమైకా విపత్తు బాండు ద్వారా 15 కోట్ల డాలర్ల రక్షణ తీసుకుంది. అంటే రాసుకున్న స్థాయి తుపాను వస్తే మదుపరులు పెట్టిన సొమ్ము దేశానికి దక్కుతుంది. ఇందులో ఎన్ని ఇళ్లు కూలాయని ఎవరూ చూడరు. తుపాను కేంద్రంలో గాలి పీడనం ఎంతకు పడిపోయింది, ఏ ప్రాంతం మీదుగా వెళ్లింది అన్న కొలతల మీదే చెల్లింపు ఆధారపడుతుంది. కరియకూను కొట్టిన ఆ బెరిలే రెండు రోజులకు జమైకా దక్షిణ తీరాన్ని రాసుకుంటూ వెళ్లింది. పొలాలు పోయాయి, ఇళ్లు పోయాయి. పీడనం మాత్రం ఒప్పందంలో రాసిన అంకెకు దిగలేదు. జమైకాకు ఆ బాండు నుంచి రూపాయి రాలేదు. మరుసటి ఏడు అక్టోబర్ 28న ఐదో కేటగిరీ మెలిస్సా నేరుగా తగిలినప్పుడు మొత్తం 15 కోట్లూ వచ్చాయి. అప్పుడు ప్రపంచ బ్యాంకు తదితరులు వేసిన నష్టం అంచనా 880 కోట్ల డాలర్లు. ఈ రెండంకెలు పక్కపక్కన రాసి చూడండి. బీమా దండగని నేననను. కొలతల మీద ఆధారపడితే సర్వేయర్లు, వివాదాలు లేకుండా డబ్బు వారాల్లో చేతికి వస్తుంది, అది చిన్న విషయం కాదు. కానీ ట్రిగ్గరు దగ్గర, అంటే ఏ కొలత దాటితే డబ్బు వస్తుందో చెప్పే చోట, రాసిన ఒక అంకె ఒక దేశం ఏడాది బతుకును తేలుస్తుంది. ఆ అంకె ఎంతుండాలో బేరమాడే గదిలో ఆ పొలాల రైతులు ఉండరు.

సంపన్న దేశాలు బాధ్యత మాటకు ఎంత భయపడతాయో ఒప్పందాల భాషలోనే కనిపిస్తుంది. సముద్రమట్టం పెరిగి మునిగే దేశాల కోసం ఉమ్మడి బీమా నిధి పెట్టమని చిన్న దీవుల తరఫున పసిఫిక్ దీవి దేశం వనువాటు అడిగింది 1991లో. 2015లో పారిస్ వాతావరణ ఒప్పందంలో ఇలాంటి నష్టాల మీద ఎనిమిదో అధికరణం వచ్చింది. కానీ దాన్ని ఆమోదించిన తీర్మానంలో 51వ పేరా అని ఒకటి పెట్టారు. ఈ అధికరణం బాధ్యతకు గానీ నష్టపరిహారానికి గానీ ఆధారం కాదని ఆ పేరా చెబుతుంది. ముందు ఇచ్చినట్టే ఇచ్చి వెనక లాగేసుకునే ఇలాంటి వాక్యాల్ని పట్టుకోవడమే నా పని కాబట్టి, దాన్ని చదివినప్పుడల్లా ఒళ్లు మండుతుంది. నష్టాల నిధి పెట్టాలని చివరికి ఒప్పుకున్నది 2022లో, ఈజిప్టులోని షర్మ్ ఎల్ షేక్ సదస్సులో. అడిగిన ముప్పై ఒక్క ఏళ్లకు! అదీ సహకారం పేరు మీదే తప్ప పరిహారం పేరు మీద కాదు. 2025 నాటికి ఆ నిధికి దేశాలన్నీ కలిసి ఇస్తామన్నది 80 కోట్ల డాలర్ల లోపు. అంటే ఒక్క మెలిస్సా, ఒక్క జమైకాకు చేసిన నష్టంలో పదో వంతు కూడా లేదు. అదే వనువాటు పట్టుబట్టి తెప్పించిన అంతర్జాతీయ న్యాయస్థానం అభిప్రాయం 2025 జులైలో వచ్చింది. వాతావరణాన్ని కాపాడే బాధ్యత దేశాలకు చట్టపరంగానే ఉందని, దాన్ని ఉల్లంఘిస్తే, నష్టానికి కారణం రుజువైతే, పరిహారం దాకా వెళ్లొచ్చని కోర్టు చెప్పింది. ఇది ఆ 51వ పేరాకు ఎంతవరకు జవాబవుతుందో లాయర్లు ఏళ్ల తరబడి వాదించుకుంటారు.

బాకూ వాతావరణ సదస్సులో 2024లో, కోపెన్‌హాగన్ మాట స్థానంలో కొత్త లక్ష్యం పెట్టారు. 2035 కల్లా ఏటా 30 వేల కోట్ల డాలర్లు. అందులో ఎంత గ్రాంటుగా ఇవ్వాలో అంకె పెట్టలేదు.

డబ్బు ఎక్కడుందని అడిగేవాళ్లకు నేను 2021 ఆగస్టును గుర్తు చేస్తాను. కొవిడ్ కాలంలో ద్రవ్యనిధి ఒక్క నిర్ణయంతో 65 వేల కోట్ల డాలర్ల విలువైన ఎస్‌డీఆర్‌లు, అంటే సభ్య దేశాల నిల్వల్లో చేరే ప్రత్యేక హక్కులు, విడుదల చేసింది. ద్రవ్యనిధిలో ఒక్కో దేశానికున్న వాటా (కోటా) ప్రకారం పంచారు కాబట్టి ఆఫ్రికా ఖండం మొత్తానికి దక్కింది సుమారు 3,300 కోట్లు. తలచుకుంటే అంత సొమ్ము ఒకే నెలలో పుట్టింది, అవసరం ఉన్న చోటికి మాత్రం వెళ్లలేదు. కరీబియన్ దేశం బార్బడోస్ ప్రధాని మియా మోట్లీ బ్రిడ్జ్‌టౌన్ ప్రణాళిక పేరుతో పోరాడుతున్నది, డబ్బు ఎవరికి ఎలా అందాలో తేల్చే ఇలాంటి నిబంధనల మీదే. విపత్తు క్లాజు కూడా అందులో ఉంది. 2018, 2019ల్లో బార్బడోస్ తన అప్పుల్ని తిరగరాసుకున్నప్పుడు ముందు తన బాండ్లలో ఆ క్లాజు పెట్టుకుంది, తర్వాత అందరికీ కావాలని అడిగింది. 2023 జూన్‌లో పారిస్‌లో ప్రపంచ బ్యాంకు కూడా చిన్న దేశాల అప్పుల విషయంలో ఆ దారి పట్టింది. ప్రైవేటు బాండ్లలో మాత్రం ఇప్పటికీ అరుదే.

మా దగ్గర కొత్త ఒప్పందాలన్నిటికీ ఒక నమూనా పత్రం ఉంటుంది. పోయినేడు దానికి చేర్చమని ఒకటిన్నర పేజీల విపత్తు క్లాజు రాసి పైకి పంపాను. అప్పు తీసుకునేవాళ్లు ఎవరూ అడగడం లేదని ఒక్క వాక్యం జవాబొచ్చింది. చిన్న దేశాల ఆర్థిక శాఖల్లో ఇలాంటి నాలుగొందల పేజీల పత్రాన్ని చదివేవాళ్లు ఇద్దరో ముగ్గురో ఉంటారు. తుపాను ముంచుకొస్తుంటే వాళ్లే సహాయ శిబిరాల బిల్లులూ చూస్తుంటారు. వాళ్లు అడగలేదు కాబట్టి అక్కర్లేదనుకోవడం నాకు అన్యాయంగా తోచింది. నమూనాలో ముందే ఉంటే అడగాల్సిన పనే ఉండదు, వద్దనుకున్నవాళ్లు కొట్టేసుకోవచ్చు.

ఈసారి గ్రెనడా లెక్క జత చేశాను. ఆగిన రెండు వాయిదాలు, అసలులో కలిసిన వడ్డీ, మిగతా గడువంతా కలిపి అప్పిచ్చినవాళ్లకు పోయిందేమీ లేదని చూపే పట్టిక ఒకటి. ట్రిగ్గరు పేరా కూడా మార్చాను. పీడనం అంకె ఒక్కటే ఉంటే జమైకాకు జరిగినట్టే జరుగుతుందని, పీడనమైనా సరే, లెక్కగట్టిన నష్టమైనా సరే, ఏది ముందు దాటితే అది చాలని రాశాను. వచ్చే గురువారం ఆ సమావేశం. పదిహేను నిమిషాలు ఇచ్చారు.