ముసురు రోజుల్లో తేనెటీగల ఆకలి

వారం రోజులుగా ఒకటే ముసురు. ఈ మధ్యాహ్నం కాస్త తెరిపి ఇవ్వగానే పెరట్లో తేనెటీగల పెట్టె తీసి చూశాను. పట్టు కట్టే చెక్క చట్రం బరువే లేకుండా చేతికి వచ్చేసింది. పై అంచున ఉండాల్సిన తేనె దాదాపు లేదు. ప్రాణం ఉసూరుమంది.

ఆషాఢం, శ్రావణం మా వైపు వీటికి కరువు నెలలు. వేప, కానుగ వేసవిలోనే పూసి అయిపోతాయి. ఈ వానలో మేతకు పోలేవు, పోయినా పూలలో మకరందం కడుక్కుపోయి ఉంటుంది.

అందుకే వాటికి పంచదార పాకం పెట్టాలనుకున్నాను. కిలో పంచదారకు లీటరు నీళ్లు. నీళ్లు మరిగాక పొయ్యి ఆపేసి పంచదార కరిగించాను. మాడితే వాటికి అరగదు. బెల్లం అసలే పెట్టకూడదు, విరేచనాలు పట్టుకుంటాయి. బయట కొన్న తేనె కూడా పెట్టను, దాంతోపాటు రోగాలు వస్తాయని భయం. 1990ల మొదట్లో పిల్లపురుగులను చంపే థాయ్ శాక్‌బ్రూడ్ వైరస్ సోకి దక్షిణాదిలో మన నాటు ఈగల పెట్టెలు ఎన్నో ఖాళీ అయిపోయాయి.

చల్లారిన పాకం కొబ్బరి చిప్పలో పోసి, ఈగలు మునిగిపోకుండా ఎండుగడ్డి పరకలు వేసి, పొద్దు వాలాక పెట్టెలో పెట్టాను. పగలు పెడితే వేరే గూళ్ల ఈగలు దోపిడీకి దిగుతాయి. చీమలు ఎక్కకుండా స్టాండు కాళ్ల కింద గిన్నెల్లో నీళ్లు నింపాను. ఒక ఈగ పరక మీద నిలబడి నాలుక చాచి తాగుతుంటే దాని పొట్ట చారలు ముందుకీ వెనక్కీ ఆడుతున్నాయి. ఎంతసేపు చూశానో!

పంచదార ఆకలి తీరుస్తుంది గానీ, పిల్లపురుగులు పెరగాలంటే పుప్పొడి కావాలి. అది పూలే ఇవ్వాలి. ముద్దబంతి మనకు అందమే గానీ, రేకులు కిక్కిరిసి ఈగ మూతికి చోటివ్వదు. ఒంటిరేకు పూలే మేలు. అన్నిటికన్నా తులసి.

"కంకులు తుంచకపోతే మొక్క ముదిరిపోతుందమ్మా" అన్నారు అత్తయ్య. నిజమే. చివరికి కోటలోని తులసి ఆవిడకు, గోడ పక్కవి ఈగలకు అని ఒప్పందం కుదిరింది. ఖాళీ కుండీల్లో ధనియాలు చల్లాను. ఈసారి కొత్తిమీర కోయకుండా పూతకు వదిలేస్తాను.

పక్క బెండతోట అన్నకు ఫోన్ చేసి, మందు కొట్టే ముందు చెప్పమన్నాను. "వాన ఆగితే బుధవారం కొడతా చెల్లీ, నీ ఈగల కోసం పొద్దుగూకాకే" అన్నాడు. ఆ రాత్రి ఈగలన్నీ గూటికి చేరాక ద్వారానికి జాలీ బిగించి, గురువారం కాస్త ఆలస్యంగా తీయాలి.