వీపు మీద బ్యాగు, స్టీవెన్సన్ గాడిద

నిన్న అలిపిరి నుంచి నడిచి కొండెక్కాను. లగేజీ కింద కౌంటర్లో ఇచ్చేయమని మా వదిన చెప్తూనే ఉంది, వింటేగా! పులిహోర డబ్బా, పవర్ బ్యాంకు, రెండు జతల బట్టలు వీపున వేసుకుని బయల్దేరా. గాలిగోపురం దగ్గరికొచ్చేసరికి కూలబడ్డా.

అక్కడ గుర్తొచ్చాడు స్టీవెన్సన్. 1878లో మోడెస్టిన్ అనే గాడిదను తోలుకుంటూ దక్షిణ ఫ్రాన్సు కొండల్లో పన్నెండు రోజులు తిరిగిన రచయిత. ఆయనా నాలాంటివాడే, గుడ్లు గిలక్కొట్టే కవ్వం కూడా మూటగట్టాడు! బరువు ఎక్కువై మూట జారిపోతుంటే కవ్వం, బ్రెడ్డు, మాంసం దారిలోనే వదిలించుకున్నాడు. (నేను పులిహోర పారేయలేదు, తినేశా.)

మనలో చాలామందికి ఆయనంటే 'ట్రెజర్ ఐలాండ్' నవలే. అది 1883లో వచ్చింది. గాడిద ప్రయాణం పుస్తకం 1879లోనే వేశాడు. చిన్నప్పట్నుంచీ ఊపిరితిత్తుల బాధ. ఇంట్లోవాళ్లు లైట్‌హౌస్‌లు కట్టే ఇంజినీర్లు. ఈయన లా చదివి, అదీ వదిలేసి రాతలో పడ్డాడు. ఒంటికి పడే గాలి వెతుక్కుంటూ చివరికి సమోవా దీవుల్లో ఇల్లు కట్టుకున్నాడు. అక్కడివాళ్లు 'టుసిటాలా' అని పిలిచారు, అంటే కథలు చెప్పేవాడు. 1894లో 44 ఏళ్లకే పోతే, వాళ్లే అడవి నరికి దారి చేసి, వాయా కొండ మీదికి మోసుకెళ్లారు.

మోకాళ్ల పర్వతం దగ్గర వదిన జాలిపడి నా బ్యాగు తీసుకుంది. ఈ కథంతా చెప్పాను.

"అంటే ఇప్పుడు గాడిదని నేనన్నమాట!" అంది.

జవాబు చెప్పలేదు. ఊపిరి ఆడితేగా.